పబ్లిక్ యాక్సెస్ స్టూడియో: తిక్క ఆలోచనలకు తగిన చోటు

అమెరికాలో పబ్లిక్ యాక్సెస్ ఛానళ్లను (సాధారణ పౌరులు తమ కార్యక్రమాలను ప్రసారం చేసుకునే కేబుల్ టీవీ ఛానళ్లను) కేబుల్ కంపెనీల నుంచి కోరే అధికారాన్ని 1984 నాటి కేబుల్ చట్టం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. అలా ఏర్పడిన మా కేంద్రం, కెమెరా పట్టడం రానివారికి సైతం శిక్షణనిచ్చి, పరికరాలు అరువిచ్చి, తీసిన వీడియోను ప్రసారం చేస్తుంది. అశ్లీలత వంటి మినహాయింపులు తప్ప విషయంపై కేబుల్ కంపెనీకి సంపాదకత్వ అధికారం లేనందున, గుడ్డబొమ్మలు చదివే నా వాతావరణ వార్తలను (అవి ఒక్కనాడూ నిజం కాలేదు లెండి) ఎవరూ కత్తిరించలేదు.

వెనుక వేరే దృశ్యాన్ని చేర్చేందుకు వాడే ఆకుపచ్చ తెరపై నీడలు పడుతుంటే, బొమ్మలను కొన్ని అడుగులు ముందుకు జరిపి తెరకు విడిగా లైట్లు పెట్టాలని శిక్షకురాలు ఓపికగా చేసి చూపించారు. మైకులు మాత్రం పాతబడి గరగరలాడుతున్నాయి. వాణిజ్య ప్రకటనలకు తావు లేదు కనుక, సంపాదన ఆశించేవారికి ఈ కేంద్రం పనికిరాదు.