నడుం వంపు కొలిచే సెన్సర్: సైన్ బార్ మీద పాసు, వీపు మీద అత్తెసరు

నడుం కింది భాగం ఎంత వంగిందో డిగ్రీల్లో చెప్పే సెన్సర్ల జత ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు రాయను, చెప్పబోయేది ఈ రకం సరుకుకి చాలావరకు వర్తిస్తుంది. రెండు చిన్న బిళ్లలు. ఒకటి పిరుదుల పైన సొట్టలు పడే చోట, సరిగ్గా మధ్యన అంటించుకోవాలి. రెండోది దానికి జానెడు పైన. రెండిటి వాలులో ఉన్న తేడానే ఫోన్ నడుం వంపుగా చూపిస్తుంది. ఒక్క బిళ్లతో వచ్చేవి చవకే. కానీ మనిషి తుంటి దగ్గర తిన్నగా వంగాడా, నడుం గూని చేసి కూర్చున్నాడా అన్నది వాటికి తెలీదు. అందుకే జత కొన్నాను.

ఒడిశాలోని సునాబెడలో ఇన్‌స్పెక్షన్ పని, అంటే కొలతలు సరిచూసే పని చేసి రిటైరైనవాణ్ణి. ఏ పనిముట్టు చేతికొచ్చినా తనిఖీ చేయందే నిద్ర పట్టదు. సెమిలిగుడలో తెలిసిన వర్క్‌షాపులో సర్ఫేస్ ప్లేటు (కచ్చితమైన చదును బల్ల), సైన్ బార్ (కావలసిన కోణంలో వాల్చి పెట్టే ఉక్కు పట్టీ) ఉన్నాయి. 100 మిల్లీమీటర్ల సైన్ బార్ ఒక చివర కింద 50 మిల్లీమీటర్ల స్లిప్ గేజ్ (మందం కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మ) పెడితే కోణం సరిగ్గా 30 డిగ్రీలు. 10 డిగ్రీలు కావాలంటే 17.365 మిల్లీమీటర్లు పేర్చాలి. ఒక బిళ్లని బార్ మీద, ఇంకోదాన్ని ప్లేటు మీద పెట్టి చూశాం. తప్పు అర డిగ్రీ దాటలేదు. “బాబాయ్, పర్లేదే ఇది” అన్నాడు అక్కడి కుర్రాడు. నిజంగానే పర్లేదు. లోపలి యాక్సిలరోమీటర్ గురుత్వాకర్షణ ఎటు లాగుతోందో చూసి వాలు లెక్క కడుతుంది. కదలకుండా ఉన్నంతసేపు అంతకంటే నికరమైన ఆధారం ఏముంటుంది?

నడుం పక్కకి తిప్పడాన్ని కూడా కొలుస్తామని పెట్టె మీద రాశారు. అది నమ్మకండి. బిళ్లలు బల్ల మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి, ఎవరూ ముట్టుకోకుండానే ఆ అంకె జరిగిపోయింది. ఇలా అడ్డంగా తిరగడాన్ని గురుత్వాకర్షణ పట్టివ్వలేదు. ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే జైరోస్కోప్ మీద ఆధారపడాలి, దాని చిన్న తప్పు నిమిషనిమిషానికీ పేరుకుంటుంది. సరిదిద్దడానికి దిక్సూచిలా పనిచేసే మాగ్నెటోమీటర్ ఉందిగానీ, ఇంట్లో ఇనుప బీరువా పక్కన కూర్చోగానే దానికి దిక్కు తెలియకుండా పోయింది.

అసలు పరీక్ష వీపు మీద. మా ఆవిడ అంటించింది. తీసి మళ్లీ అదే చోట అంటించమన్నాను. “అదే చోటంటే ఎక్కడండీ, బొట్టేమైనా పెట్టుకున్నారా?” అంది. గుర్తు లేకుండా అంటించినప్పుడల్లా, గోడకి ఆనుకుని ఒకేలా నిలబడ్డా అంకె నాలుగైదు డిగ్రీలు మారింది. బిళ్ల వేలెడు జరిగితే దాని కింద వీపు వాలే వేరు మరి. పెన్నుతో గుర్తు పెట్టాక తేడా రెండు డిగ్రీల లోపుకి వచ్చింది. పైగా నిటారుగా నిలబడి సున్నా నొక్కమంటుంది యాప్. పొద్దున్న లేవగానే ఉండే నిటారు, సాయంత్రం నిటారు ఒకటేనా?

విజయనగరంలో మేనకోడలు ఫిజియోథెరపిస్టు. బిళ్లలు పెట్టుకునే బస్సెక్కాను. పొట్టంగి దాటి సాలూరు ఘాట్ దిగుతుంటే బ్రేకు పడ్డ ప్రతిసారీ ‘ముందుకు వాలారు’ అని జేబులో ఫోన్ మోగడమే. పక్క సీటాయన ఫోన్ ఎత్తమని కూడా చెప్పాడు. అయితే నడుం వంపు అంకె మాత్రం పెద్దగా చెదరలేదు. బ్రేకు రెండు బిళ్లలనీ ఒకేలా మోసం చేస్తుంది కాబట్టి తేడా తీసేటప్పుడు ఆ మోసం కొట్టుకుపోతుంది. జత కొన్నందుకు సంతోషించింది అప్పుడే.

అక్కడ అమ్మాయి తన రెండు ఇన్‌క్లినోమీటర్లతో (వాలు కొలిచే పనిముట్లు) కొలిచింది. నిలబడ్డప్పుడు లెక్కలు దగ్గరగానే వచ్చాయి. పూర్తిగా వంగినప్పుడు సెన్సర్లు బాగా తక్కువ చూపించాయి. చర్మం సాగుతుంది, లోపలి వెన్నుపూసతో సమానంగా కదలదు. నాలాగా నడుం మీద కొవ్వున్నవాళ్లకి మరీను. ఎవరి లెక్క తప్పని అడిగాను. “మామయ్యా, నాదీ చర్మం పైనుంచి తీసిన కొలతే. ఎముక కనపడాలంటే ఎక్స్‌రేనే. ల్యాబుల్లో మెరిసే గోళీలు అంటించి చుట్టూ కెమెరాలు పెడతారే, ఆ గోళీలు కూడా చర్మం మీదే ఉంటాయి” అంది.

ఇంత జరిగాక స్క్రీన్ మీద 32.4 అని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ చుక్క తర్వాత అంకె ఎవరికి చూపించడానికి? మా సెక్షన్‌లో అలాంటి రిపోర్టు మీద సంతకం పడేది కాదు.

కుట్టుమిషను ముందో కంప్యూటర్ ముందో గంటలు గంటలు కూర్చునేవాళ్లకి, గూని పడ్డప్పుడు గుర్తుచేయడానికైతే కొనొచ్చు. ఒకసారి అంటించాక తీసేలోపు వచ్చిన అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. నిన్నటి అంకెని ఇవాళ్టి దానితో పోల్చి టెన్షన్ పడకండి. దాన్ని పట్టుకుని డాక్టరుగారితో వాదనకి దిగకండి.

ధర నాలుగు వేల పైచిలుకు. అంటించే ప్యాడ్లు చెమటకి ఇట్టే ఊడిపోతున్నాయి, వాళ్లు విడిగా అమ్మరు. మెడికల్ షాపులో రెండువైపులా జిగురుండే టేపు తెచ్చి కత్తిరించి వాడుతున్నాను. కాస్త దురద పెడుతుంది.