యూఎస్‌బీ బోర్డులు టోకుగా కొనేవారికి హెచ్చరిక: డబ్బు కట్టకముందే ఐడీలు చూడండి

సొంత డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో నడిపించే ప్రోగ్రామ్) రాసుకుని, దానికోసం యూఎస్‌బీ బోర్డులు టోకుగా తెప్పించుకునేవాళ్లు జాగ్రత్త. శాంపిల్ బోర్డులో ఒక ఐడీ (అది ఏ కంపెనీ, ఏ రకం పరికరమో కంప్యూటర్‌కు చెప్పే నంబరు) ఉంటుంది, డబ్బు కట్టాక వచ్చే లాట్‌లో ఇంకొకటి ఉంటుంది. పైగా లాట్ మొత్తానికీ ఒకటే సీరియల్ నంబరు. ఇదేమిటని అడిగితే అమ్మినవాళ్లు చెప్పే మాట ఒకటే: ‘ఐఎన్ఎఫ్ ఫైల్లో (ఏ ఐడీకి ఏ డ్రైవర్ వాడాలో విండోస్‌కు చెప్పే ఫైలు) ఒక లైను మార్చుకోండి, సరిపోతుంది.’

సరిపోదు. పరికరం తగిలించగానే కంప్యూటర్ దాని నుంచి 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి చెప్పుకునే వివరాలు) చదువుతుంది. వెండర్ ఐడీ (కంపెనీ నంబరు), ప్రొడక్ట్ ఐడీ (పరికరం నంబరు), రివిజన్ (దాని వెర్షన్) అందులోనే రెండేసి బైట్లలో ఉంటాయి. విండోస్ వాటితో హార్డ్‌వేర్ ఐడీ కూర్చి, అది ఏ ఐఎన్ఎఫ్‌లో ఉందో వెతుకుతుంది. ఐఎన్ఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా డ్రైవర్‌తో వచ్చే క్యాటలాగ్ ఫైల్లోని హ్యాష్‌తో (ఫైలు మారలేదని చూపే గుర్తు) పొంతన పోతుంది, డ్రైవర్ డిజిటల్ సంతకం చెల్లదు. మళ్లీ సంతకం చేయించాల్సిందే. సంతకం తనిఖీ ఆపేసుకోమని మీ కస్టమర్లకు చెప్పగలరా? లినక్స్‌లో డ్రైవర్‌కు చెందిన న్యూ ఐడీ (new_id) ఫైల్లోకి కొత్త వెండర్, ప్రొడక్ట్ ఐడీల జత రాసి పని కానివ్వొచ్చు గానీ, రీబూట్ చేస్తే అది పోతుంది. డ్రైవర్‌లోని ఐడీ టేబుల్లో చేర్చి మళ్లీ కంపైల్ చేయాలి.

ఇంతకన్నా ప్రమాదం అరువు ఐడీ, అంటే వేరే కంపెనీ ఐడీని బోర్డులో వాడుకోవడం. 0403:6001 (వెండర్, ప్రొడక్ట్ ఐడీలు) అనేది ఎఫ్‌టీడీఐ కంపెనీ యూఎస్‌బీ సీరియల్ చిప్‌ది. నకిలీ చిప్‌లూ అదే నంబరు చెబుతాయి. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ అలాంటి చిప్‌ల ప్రొడక్ట్ ఐడీని 0000గా తిరగరాసింది. దాంతో అవి మామూలు డ్రైవర్‌కు దొరకకుండా పోయాయి. గొడవయ్యాక కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. తప్పెవరిదైనా, మూలపడింది కొన్నవాళ్ల బోర్డులే. పైగా మీ డ్రైవర్ అరువు ఐడీని పట్టుకుంటే, కస్టమర్ దగ్గరున్న అసలు చిప్ పరికరాలకూ అదే ఎక్కి కూర్చునే అవకాశం ఉంది.

సీరియల్ నంబరు సంగతి చాలామంది వదిలేస్తారు. సీపీ2102 అనే యూఎస్‌బీ సీరియల్ చిప్‌లో మార్చకపోతే 0001 అనే ఉంటుంది. అలాంటివి రెండు ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్‌కు తేడా తెలియదు, రెండోది సరిగా పనిచేయకపోవచ్చు. లినక్స్‌లో ఐడీ ప్రకారం ఏర్పడే లింకు రెండింటికీ ఒకే పేరుతో వస్తుంది, ఒకదాన్ని ఇంకొకటి కప్పేస్తుంది. అక్కడ పోర్టు ప్రకారం ఏర్పడే లింకు వాడుకోవడం నయం. సీహెచ్340జీ అనే ఇంకో చిప్‌లో అసలు సీరియల్ నంబరే ఉండదు. పోర్టు మారిస్తే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని కొత్త కామ్ (సీరియల్ పోర్టు) నంబరు ఇస్తుంది. నంబర్ లేకపోవడం ఇబ్బందే, కానీ అందరికీ ఒకటే ఉండటం కన్నా మేలు.

రివిజన్ కూడా చూడాలి. పరికరంలో మైక్రోసాఫ్ట్ ఓఎస్ డిస్క్రిప్టర్ (విండోస్ కోసం ఉంచే అదనపు వివరాలు) ఉందో లేదో విండోస్ ఒకసారి అడిగి, జవాబును వెండర్, ప్రొడక్ట్, రివిజన్ కలిపిన పేరుతో రిజిస్ట్రీలో దాచుకుంటుంది. సరఫరాదారు ఫర్మ్‌వేర్ మార్చి రివిజన్ మార్చకపోతే పాత జవాబే చెల్లుతుంది. అప్పుడు అదే బోర్డు ఒక కంప్యూటర్‌లో పనిచేసి ఇంకోదాంట్లో మొరాయిస్తుంది. రిజిస్ట్రీలో యూఎస్‌బీ ఫ్లాగ్స్ (usbflags) కింద ఆ పరికరం కీ తీసేసి మళ్లీ తగిలించండి. డ్రైవర్‌లో తప్పు వెతుకుతూ కూర్చోకండి.

ఆర్డర్ కాగితంలోనే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, రివిజన్, ప్రతి బోర్డుకూ వేరే సీరియల్ అని రాయించండి. లాట్ రాగానే వేర్వేరు పెట్టెల నుంచి రెండేసి తీసి, రెండింటినీ ఒకేసారి ఒకే యంత్రానికి తగిలించి చూడండి. ఒక్కో బోర్డు విడిగా చూస్తే సీరియల్ గొడవ బయటపడదు. ఐడీ మీదే కావాలంటే యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థ యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ దగ్గర వెండర్ ఐడీ కొనాలి. కొన్ని చిప్ కంపెనీలు తమ వెండర్ ఐడీ కింద కస్టమర్లకు ప్రొడక్ట్ ఐడీ కేటాయిస్తాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకైతే 1209 అనే వెండర్ ఐడీ కింద పీఐడీ కోడ్స్ (pid.codes) అనే వేదిక ప్రొడక్ట్ ఐడీలు ఉచితంగా ఇస్తుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చిప్‌లోని ఈఈప్రామ్ (ఐడీ, సీరియల్ దాచుకునే మెమరీ) తిరగరాయనిస్తుందో లేదో చూసుకోండి. రాయనిస్తే తయారీదారు టూల్‌తో ఐడీ, సీరియల్ మార్చవచ్చు. సీపీ2104లో ఆ జాగా ఒక్కసారే రాయడానికి ఉంటుంది, అమ్మినవాళ్లు అప్పటికే రాసేసి ఉంటే వెనక్కి పంపడమే.