మూడున్నరేళ్లు స్నాగింగ్ యాప్ వాడాక: ఆ పచ్చరంగు మీద నా కోపం

స్నాగింగ్ యాప్ అంటే ఫ్లాట్ అప్పగించే ముందు కనబడ్డ లోపాల్ని ఒక్కో పాయింటుగా ఎక్కించి, కాంట్రాక్టర్ల చేత సరిచేయించుకునే యాప్. ప్లాన్ మీద వేలు పెట్టడం, ఫొటో తీయడం, కాంట్రాక్టర్‌ని ఎంచుకోవడం, ఇవన్నీ ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నా బాధల్లా ఒక్కటే. క్లోజ్ కొట్టగానే పాయింటు పచ్చబడి లిస్టులోంచి మాయమైపోతుంది.

నేను హైదరాబాద్‌లో, తెల్లాపూర్ వైపు ఒక సైటులో ఫినిషింగ్, హ్యాండోవర్ చూస్తాను. దీనికి ముందు తొమ్మిదేళ్లు లాంగ్ బుక్కే నా యాప్. ఫ్లాటుకో పేజీ, మార్జిన్‌లో నా గిలుకుడు, పని అయ్యాక మేస్త్రి సంతకం. యాప్ వచ్చినప్పుడు అందరికంటే ముందు సంబరపడింది నేనే. సాయంత్రం ఆఫీసులో కూర్చుని రాసిందంతా ఎక్సెల్‌లో ఎక్కించే గంటన్నర మిగిలింది. "మీ రాత అర్థం కాలేదు సార్" అనే సాకు పోయింది. తాళాలు తీసుకున్న నెలకి ఒక ఓనరు వంటింటి గ్రానైట్ మీద గీత మీరే పెట్టారని గొడవకొస్తే, హ్యాండోవర్ నాటి ఫొటో తేదీతో సహా చూపించాను. అక్కడితో ఆయన ఊరుకున్నారు.

ఇక 704 ఫ్లాట్ సంగతి. బాత్రూమ్‌కి ఆనుకున్న బెడ్రూమ్ గోడ మీద, సీలింగ్ కిందుగా అరచేతంత చెమ్మ, పెయింట్ ఉబ్బింది. యాప్‌లో రకం ఎంచుకోమంటే "పెయింట్ ఉబ్బు" అన్నది నొక్కాను. అది నేరుగా పెయింటర్ లిస్టులో పడింది. వాళ్లు గీకారు, లప్పం పెట్టారు, రెండు కోట్లు వేశారు, ఫొటో పెట్టారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. క్లోజ్ కొట్టాను. మూడు వారాలకి మా జూనియర్ అదే గోడ చూసి కొత్త నంబరుతో ఇంకో పాయింటు పెట్టాడు. మళ్లీ లప్పం, మళ్లీ ఫొటో, మళ్లీ పచ్చ. ఆ తర్వాత మూడోసారీ అంతే. క్లోజైనవి మామూలుగా తెర మీద కనబడవు, వాటిని చూడాలంటే ఫిల్టర్ మార్చుకోవాలి. రోజుకి వందకి పైగా పాయింట్లు చూసేవాడికి ఫిల్టర్ మార్చాలని ఎందుకు తడుతుంది?

దొంగని పట్టించింది పెయింటింగ్ కాంట్రాక్టరే. ఎక్స్‌ట్రా బిల్లు కోసం వచ్చాడు. చొక్కా జేబులోంచి చిన్న పాకెట్ బుక్ తీసి, "704 సార్, ఒకే గోడ, మూడుసార్లు వేశాం, మా కూలీ సంగతేంటి?" అన్నాడు. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, మూడు తేదీలు. మా డాష్‌బోర్డ్‌లో లేని కథంతా ఆ చెమట మరకల కాగితం మీద ఉంది. ఆ తేదీలు చూస్తుంటే ఇంకోటి తట్టింది. మూడుసార్లూ చెమ్మ కనబడింది పైన 804లో యాసిడ్ వాష్ టీమ్ టైల్స్ కడిగిన ఒకట్రెండు రోజులకే.

804 బాత్రూమ్‌లో నేల మీది నీళ్లు పోయే నహాని ట్రాప్‌కి గుడ్డ కుక్కి నీళ్లు నింపాం. నలభై ఎనిమిది గంటలు ఉంచుదామనుకున్నాం. మర్నాడు సాయంత్రానికే కింద గోడ తడిసింది. టైల్స్ లేపి చూస్తే ట్రాప్ పైపు స్లాబులోంచి దిగేచోట గ్రౌట్, అంటే సందులు పూడ్చే పలచటి సిమెంటు, సరిగా దిగలేదు, చుట్టూ ఖాళీ. పెయింటర్‌కి సంబంధమే లేదు. లాంగ్ బుక్‌లో అయితే కొట్టేసిన గీత కింద పాత రాత కనిపిస్తూనే ఉండేది. రెండోసారి రాసేటప్పుడే పై వరస కళ్లబడేది, మార్జిన్‌లో "పైన నీళ్లు పెట్టి చూడాలి" అని గిలికేవాణ్ని. యాప్‌లో మార్జిన్ లేదు. కామెంట్ పెట్టుకోవచ్చు, కానీ పాయింటుతో పాటు అదీ మాయం.

న్యాయంగా చెప్పాలంటే తప్పు సగం నాది. ఫొటో చూసి క్లోజ్ కొట్టే అలవాటు నేనే చేసుకున్నాను. పుస్తకం రోజుల్లో సంతకం కోసమైనా మేస్త్రితో కలిసి ఫ్లాటుకి వెళ్లేవాణ్ని.

గ్రానైట్ ఫొటో గురించి కూడా కొంచెం తగ్గించి చెప్పాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం తాళాలు ఇచ్చాక ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి ఓనరు చెబితే బిల్డరు ముప్ఫై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మా యాప్ చందా మాత్రం ప్రాజెక్టు నడిచినన్నాళ్లే. పోయిన టవర్ అయ్యాక చందా ఆపేసి అంతా పీడీఎఫ్‌లో దించుకున్నాం. అందులో ఫొటోలు తపాలా బిళ్లంత. గ్రానైట్ గీత వాటిలో కనబడదు.

ఇప్పుడు రెండూ వాడుతున్నాను. యాప్‌లో ఎక్కిస్తాను, తడికి సంబంధించినవి మాత్రం పై ఫ్లాట్ నంబరుతో సహా పుస్తకంలో రాస్తాను. మా టవర్‌కి 160 ఫ్లాట్లు, ఆరుగురు కాంట్రాక్టర్లు. ఇంత పనికి పుస్తకం ఒక్కటే పెట్టుకుని పాత రోజులకి వెళ్లమంటే వెళ్లను. పది పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు అడిగితే మాత్రం లాంగ్ బుక్కే కొనుక్కోమంటాను. పైగా ట్యాబ్, చందా రెండూ ఆఫీసువాళ్లే ఇస్తున్నారు. నా జేబులోంచి కట్టాల్సి వస్తే ఈ సమీక్ష ఎలా ఉండేదో మరి.