రంపకా, అమృతధారకా? కోనసీమ వాళ్ళకి ఏది మేలు?

మా వైపు ఎక్కగలిగినంత ఎత్తంటే ఏటిగట్టే. అమలాపురం చుట్టుపక్కల పుట్టిన పిల్లలకి నీళ్ళంటే ఇంటి ముందు నింపాదిగా పారే కాలవ. అవే నీళ్ళు కిందకి దూకడం చూడాలంటే లాకుల దగ్గరికి వెళ్ళి నిలబడాలి. అందుకే ఏజెన్సీ జలపాతాలంటే మాకు అంత ఆశ. కార్తీకం రాగానే ఇంట్లో ఒకటే చర్చ: రంపకి వెళ్దామా, మారేడుమిల్లి దాటి అమృతధారకి వెళ్దామా? రెండూ ఒకటికి రెండుసార్లు చూశాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. మోకాళ్ళు బాగుంటే అమృతధారే మేలు.

దూరంలో మాత్రం రంపదే పైచేయి. రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కణ్ణుంచి గోకవరం, ఆపైన రంపచోడవరం. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే జలపాతం. తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళకి అక్కడుంటాం, దీపాలు పెట్టే వేళకి రాజమండ్రి చేరిపోతాం. అమృతధారకైతే రంపచోడవరం నుంచి మారేడుమిల్లికి ఇంకో 27 కిలోమీటర్లు, మారేడుమిల్లి దాటాక చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డులో మరో 15 కిలోమీటర్ల దాకా పోవాలి. ఆ మలుపుల్లో మన పల్లపు పిల్లలకి కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయలు దగ్గర పెట్టుకోండి, రంపచోడవరంలో కడుపునిండా పూరీలు మాత్రం పెట్టించకండి.

రంపలో నడక తక్కువ. రాళ్ళ మధ్యనుంచి కాసేపు నడిస్తే నీళ్ళు కనిపిస్తాయి. ఎండాకాలంలో కూడా ధార పూర్తిగా ఆగదు, అది పెద్ద సుగుణం. దగ్గర్లో పాత శివాలయం ఉంది, కార్తీకంలో పెద్దవాళ్ళకి ఆ దర్శనంతోనే మనసు నిండుతుంది. పిల్లలకి చెప్పడానికి కథా ఉంది. 1879లో తెల్లదొరల మీద రంప పితూరీ, అంటే తిరుగుబాటు, లేచిన సీమ ఇదే. 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైందీ ఈ మన్యంలోనే. పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన మా మేనల్లుడు ఆ కొండల్ని చూసి, "ఇందులో దాక్కుంటే ఎవరు పట్టుకోగలరు మావయ్యా?" అన్నాడు. పాఠం వాడికి ఆ రోజే అర్థమైందనుకుంటాను.

అమృతధారలో అసలు సంగతి నీళ్ళు కాదు, నీళ్ళ దాకా వెళ్ళే దారి. రోడ్డు వదిలి అడవిలోకి దిగిన కాసేపటికే బండ్ల మోత ఆగిపోతుంది. కాళ్ళ కింద రాళ్ళూ చెట్ల వేళ్ళూ, తల మీద ఎండ దిగనంత గుబురు. చదును నేల మీద రోజూ మూడు కిలోమీటర్లు నడిచే నాకే పిక్కలు పట్టేశాయి, ఎందుకంటే గట్టు మీద నడకకి ఈ కండరాలతో పనే లేదు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నప్పుడు ముందు చప్పుడు వినిపిస్తుంది. గాలేమో అనుకుంటాం. ఇంకో పది అడుగులు వేశాక చెంపలకి చల్లదనం తగులుతుంది, ఆ తర్వాతే ధార కనిపిస్తుంది. జలపాతం రెండు అంచెలుగా ఉంటుంది. చాలామంది మొదటి అంచె దగ్గరే ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. ఓపికుంటే రెండోదీ చూడండి, అక్కడ రద్దీ తక్కువ. మేనల్లుడు చాలాసేపు పైకే చూసి, "దీనికి లాకులు ఎవరు ఎత్తారు?" అని అడిగాడు. వాడి అయిదేళ్ళ చెల్లి మాత్రం నీళ్ళని పట్టించుకోకుండా దోసిట్లో గులకరాళ్ళు ఏరుకుంది.

పట్టు లేని చెప్పులతో వెళ్ళకండి. నా చెప్పు వారు దిగేటప్పుడు తెగిపోయి, మిగతా దారంతా ఒక కాలు గుడ్డ చుట్టుకుని దిగాను. రాయిని చూసే పద్ధతి కూడా నేర్చుకోవాలి. నల్లగా మెరుస్తుంటే పాచి పట్టిందని అర్థం, దాని మీద కాలు పెట్టకూడదు. బూడిద రంగులో గరుగ్గా ఉన్న రాయి మీదే బరువు మోపాలి. అత్తయ్య వయసు వాళ్ళకి చేతిలో ఒక వెదురు కర్ర ఉంటే మంచిది.

వానాకాలంలో ఫొటోలు బాగుంటాయని ఆశపడేవాళ్ళని బతిమాలి చెబుతున్నాను, రెండు చోట్లా అప్పుడు నీళ్ళలోకి దిగొద్దు. మనం నిలబడ్డ చోట చినుకు లేకపోయినా పైన కొండమీద వాన పడుతుండొచ్చు. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కాలి. కాలవలో ఈత వచ్చు కదా అనే ధైర్యం అక్కడ పనికిరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

ఒక బాధ రెండు చోట్లా ఉంది. రాళ్ళ సందుల్లో పగిలిన సీసాలు. రంపలో మా వదిన కాలికి గాజు పెంకు గుచ్చుకుంది. బస్తీ నుంచి వెళ్ళే మనమే కదా వాటిని అక్కడ పడేస్తున్నది. కొండరెడ్లనే గిరిజనులు ఇళ్ళు కట్టుకుని బతుకుతున్న చోటది. మన వాకిట్లో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

ముసలివాళ్ళూ, చంటిపిల్లలూ ఉండి ఒక్కరోజులో తిరిగి రావాలంటే ఆలోచించకుండా రంపకే వెళ్ళండి. అందరూ నడవగలిగితే మారేడుమిల్లిలో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే ఎండెక్కకముందు అమృతధారకి నడవండి. ఇంట్లో సగంమంది నడుస్తాం, సగంమంది నడవలేం అంటే అదే రోడ్డులో జలతరంగిణి అనే ఇంకో జలపాతం ఉంది. రోడ్డుకి దగ్గరే కాబట్టి పెద్దవాళ్ళని అక్కడ కూర్చోబెట్టి, తోడుగా ఒకరిని ఉంచి మిగతావాళ్ళు ముందుకి వెళ్ళొచ్చు. మారేడుమిల్లి దాటాక ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఎన్నింటికి తిరిగొస్తారో ముందే చెప్పుకోండి. వెళ్ళేటప్పుడే మారేడుమిల్లిలో బొంగు చికెన్‌కి ఆర్డర్ ఇచ్చేస్తే, దిగి వచ్చేసరికి బొంగు చీల్చి వేడివేడిగా ఆకులో పెడతారు.