రాచకొండ బండల మీద మూడేళ్లు: కాయిల్ స్ప్రింగ్ ఉన్న ఫ్రీరైడ్ సైకిల్

ఫ్రీరైడ్ సైకిల్ అంటే గుట్టల మీది బండలు, దిగుళ్లు దిగడానికి చేసినది. ఈ సైకిల్‌లో నేను ప్రాణంగా చూసుకునేది, కుదుపులను మింగే వెనుక షాక్ చుట్టూ ఉన్న ఉక్కు స్ప్రింగ్, అదే కాయిల్. గేర్లు, బ్రేకులు, ముందు ఫోర్క్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. వెనుక చక్రం ట్రావెల్, అంటే అది పైకీ కిందికీ కదలగలిగే దూరం, 170 మిల్లీమీటర్లు, సైకిల్ బరువు పదహారున్నర కిలోలు అని తెలిస్తే చాలు. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఉండేది నల్లగొండలో. వారంలో రెండు రోజులు ఊరి పక్క గుట్టల మీద, నెలలో రెండు ఆదివారాలు ట్రాలీ ఆటోలో వేసుకుని సంస్థాన్ నారాయణపురం మీదుగా వెళ్లి రాచకొండ గుట్టల్లో తొక్కుతాను. కోట గోడల దగ్గరికి, పాత మెట్ల మీదికి చక్రం పోనివ్వను. మేకలు, పశువులు నడిచి ఏర్పడిన బాటలే నాకు చాలు.

ఆ బాటలు ఎలా ఉంటాయో చెప్పకుండా స్ప్రింగ్ సంగతి చెప్పలేను. పైన పరుపుబండ. అరచేత్తో రుద్దితే చర్మం లేచేంత గరుకుగా ఉంటుంది కాబట్టి ఎంత ఏటవాలుగా ఉన్నా టైరు దాన్ని బాగానే పట్టుకుంటుంది. చిక్కంతా ఆ బండ మీద పలుచగా పరుచుకున్న మొరంతోనే. జొన్న గింజలంత పలుకులు టైరు కింద దొర్లుతుంటే బండ గరుకుదనం ఎందుకూ కొరగాదు. అది దాటగానే గుండ్ల సందులు, వాటి మధ్య మోకాలెత్తు దిగుళ్లు, దిగిన చోట మళ్లీ మొరం. కెనడాలోని నార్త్ షోర్ అడవుల్లో తడి వేళ్ల మీద, చెక్క వంతెనల మీద తొక్కేవాళ్ల సలహాలు చదివి సైకిల్ ఎంచుకుంటే ఇక్కడ సగమే పనికొస్తాయి. మన దగ్గర వెనుక చక్రం నేలను వదలకుండా ఉండటమే ముఖ్యం. చక్రం ఒక్క క్షణం గాలిలోకి లేచినా, తిరిగి దిగేది దొర్లే పలుకుల మీదే.

కొన్న మొదటి నాలుగు నెలలూ ఈ సైకిల్ సరిగ్గా ఆ పనే చేసింది. వెనుక చక్రం ప్రతి రాయికీ ఎగిరిపడేది. పెడళ్ల మీద పాదాలు నిలిచేవి కావు, ఇంటికి వచ్చాక నడుము పట్టేసేది. కాయిల్ షాక్ అంటే మెత్తగా ఉంటుందని ఎన్నోచోట్ల చదివి కొన్నవాణ్ని. కొంతకాలం నాకు తొక్కడం రాకనే ఇలా అవుతోందేమోనని అనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున రాచకొండలో ఏటవాలు బండ మీద దిగుతూ వెనుక బ్రేకు పట్టాను. ఆ క్షణానికి చక్రం నేల మీద లేదు. గాలిలోనే బిగుసుకుపోయిన చక్రం మొరం మీద దిగి పక్కకు జారింది. మోచేయి తోలు లేచిపోయింది. సైకిల్‌కు ఏమీ కాలేదు గాని, దాని మీద ఉన్న నమ్మకం మాత్రం ఆ రోజుతో పోయింది.

స్ప్రింగ్‌ను వదులు చేస్తే మెత్తబడుతుందనుకుని, దాని చివర ఉండే బిగింపు రింగును మూడు చుట్లు వెనక్కి తిప్పాను. మెత్తబడలేదు సరికదా, ప్రతి దిగుడుకూ స్ప్రింగ్ కదిలి టకటక కొట్టుకోవడం మొదలైంది. ఆ రింగుతో స్ప్రింగ్‌ను బిగించవచ్చు, వదలవచ్చు గాని దాని గట్టిదనాన్ని మార్చలేమన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ చప్పుడు షాక్ పగిలిన గుర్తేమోనని భయపడి దేవరకొండ రోడ్డులో ఉన్న ఒక లేత్ దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి పెద్దమనిషి ట్రాక్టర్ల, ఆటోల పనే తప్ప ఇలాంటి సైకిల్‌ను ఎన్నడూ చూడలేదు. అయినా మోకాళ్ల మీద కూర్చుని, సీటును రెండుసార్లు అదిమి, స్ప్రింగ్ మీద పేరుకున్న దుమ్మును వేలితో తుడిచి, దాని ఒంటి మీద అచ్చువేసి ఉన్న 450 అనే అంకెను చూపించాడు.

“ఇది మొదలెవరు తొక్కిండ్రు సారూ? ఆయన ఎంత బరువుండె?”

“ఎనభై అయిదు కిలోలుంటాడన్నా.”

“మరి మీరేమో అరవైకి అటిటు ఉంటరు. లారీకి లోడును చూసి కమాన్లేస్తం గద. ఖాళీ లారీ గుంతలల్ల ఎట్లెగుర్తది? మీ బండి గట్లనే ఎగురుతున్నది.”

నాలుగు నెలలుగా నాకు అంతుపట్టనిది ఆయన ఒక్క నిమిషంలో తేల్చాడు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. 450 అంటే ఆ స్ప్రింగ్ ఒక అంగుళం కుంగడానికి 450 పౌండ్ల బలం కావాలని అర్థం. నా బరువు 62 కిలోలు. హెల్మెట్, మోకాలి కవచాలు, నీళ్లు కలిపితే 68. అందులో దాదాపు 65 శాతం వెనుక చక్రం మీద పడుతుందనుకుంటే 44 కిలోలు. నా షాక్ కుంగగలిగేది మొత్తం 65 మిల్లీమీటర్లు, చక్రం కదిలేది 170. అంటే చక్రం మీద పడిన బరువు షాక్ దగ్గరికి వచ్చేసరికి సగటున 2.6 రెట్లవుతుంది. అది సుమారు 253 పౌండ్లు. దానికి 450 స్ప్రింగ్ 14 మిల్లీమీటర్లే కుంగుతుంది, అంటే 22 శాతం. ఇలాంటి సైకిళ్లకు ముప్పై శాతానికి దగ్గరగా కుంగాలని చెబుతారు. మా తమ్ముడు టేపు పట్టి కొలిస్తే సరిగ్గా పద్నాలుగే వచ్చింది. అదే 350 స్ప్రింగ్ అయితే 18 మిల్లీమీటర్లకు పైగా, అంటే 28 శాతం కుంగాలి. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు ముందుగా కుంగే ఆ కొంచెమే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకుని నేలను అందుకోవడానికి ఉండే నిల్వ. ఆ నిల్వ చాలకనే నా చక్రం గుంత మీదుగా గాలిలో పోయేది.

350 స్ప్రింగ్ తెప్పించడానికి ఏడు వారాలు పట్టింది. వచ్చినది వేరే కంపెనీది. పొడవు సరిపోయింది గాని, లోపలి వ్యాసం రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. అలాగే బిగిస్తే స్ప్రింగ్ ఒక పక్కకు జరిగి షాక్ ఒంటిని రాసుకుంటుంది. మళ్లీ అదే లేత్ దుకాణానికి వెళితే, ఆ పెద్దమనిషి తెల్లటి నైలాన్ కడ్డీ ముక్కను చక్‌లో బిగించి రెండు సన్నని కడియాలు తీశాడు. మొదటిది కొంచెం బిగుతుగా వచ్చిందని పక్కన పడేసి రెండోసారి తీశాడు. నైలాన్ తురుము సన్నజాజి రేకుల్లా ఆయన ముంజేతుల మీద రాలుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఆ రెండు కడియాలూ ఈనాటికీ నా స్ప్రింగ్‌కు రెండు చివర్లలో ఉన్నాయి. దుమ్ముకు ఎర్రబడ్డాయి గాని అరగలేదు.

ఆ తర్వాతి ఆదివారం, నేను పడిన బండ దగ్గరికే వెళ్లాను. ముందుగా మారింది చప్పుడు. అంతకుముందు రాళ్ల మీద దడదడమంటూ వెనుక నుంచి వచ్చే మోత పోయి, టైరు మొరాన్ని తొక్కుతున్న సన్నని కరకర మాత్రమే వినిపించింది. బ్రేకు పట్టిన చోట చక్రం జారకుండా పలుకులను పక్కకు నెట్టుకుంటూ కిందనున్న బండను అందుకుంది. గుండ్ల మధ్య దిగుడులో షాక్ కుంగిన తీరు ఎంత సాఫీగా ఉందంటే, అడుగున ఆగి వెనక్కి తిరిగి ఆ దిగుడు ఎత్తు మళ్లీ చూసుకున్నాను. ఆ పొద్దున ఆ వాలును ఐదుసార్లు దిగాను. ప్రతిసారీ సైకిల్‌ను పైకి నెట్టుకుంటూ నడిచాను, అయినా అలసట తెలియలేదు. రెండేళ్లకు పైగా గడిచినా, ఆ కరకర వినబడితే నాకు ఇప్పటికీ అంతే సంతోషంగా ఉంటుంది.

అప్పట్లో ఈ సంతోషంలో అడిగిన వాళ్లందరికీ కాయిలే కొనండి, ఉక్కు స్ప్రింగ్‌కు బదులు గాలి ఒత్తిడితో పనిచేసే గాలి షాక్ వద్దు అని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. గాలి షాక్ అయి ఉంటే నేను ఈ ఏడు వారాలూ ఎదురుచూసే పని లేదు. చేతి పంపుతో ఒక నిమిషంలో నా బరువుకు తగ్గట్టు గాలి తగ్గించుకునేవాణ్ని. 78 కిలోల మా మేనల్లుడు నా సైకిల్ ఎక్కితే అది నడుము వంచిన ముసలి ఎద్దులా కూలబడుతుంది. కాయిల్ స్ప్రింగ్ ఎంత కుంగినా ఒకే తీరుగా బరువును మోస్తుంది, గాలి షాక్‌లా చివరికి వచ్చేకొద్దీ బిగుసుకోదు. ఆ బిగువు ఫ్రేమ్ అమరికలోనే ఉండాలి. నా ఫ్రేమ్‌లో అది కొంత ఉంది గాని చాలినంత లేదు. నడుమెత్తు దిగుడు దూకిన రెండుసార్లు షాక్ అడుగంటా దిగి ఠప్పున తగిలింది. అప్పటి నుంచి అంత ఎత్తు దూకడం మానుకున్నాను.

ఎండ మాట కూడా నిజం చెప్పాలి. పొద్దున 25 డిగ్రీల్లో గాలి నింపిన షాక్, మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరితే అందులో ఒత్తిడి సుమారు ఏడు శాతం పెరుగుతుంది, ఉక్కు స్ప్రింగ్‌కు ఆ బాధ లేదు. మన వేసవికి కాయిలే తగినదని దీన్ని చూపించే నేను కూడా వాదించేవాణ్ని. కాని వేసవిలో తొమ్మిది దాటితే బండ మీద నిలబడలేక నేనే దిగివస్తున్నాను కాబట్టి, ఆ లాభం నాకు దక్కింది తక్కువే. సుమారు అరకిలో అదనపు బరువును మాత్రం గుట్ట ఎక్కే ప్రతిసారీ మోస్తున్నాను.

మిగతా వాటిలో రెండు మాటలు. చిల్లులు పూడటానికి టైర్లలో పోసే సీలెంట్ ద్రవం ఇక్కడి ఎండకు త్వరగా ఆరిపోతుంది. నెలన్నరకోసారి చూసుకోకపోతే పల్లేరు కాయలు, కంప తుమ్మ ముళ్లు ఊరుకోవు. ఫోర్క్ కింది కాళ్లలో నూనె యాభై గంటల తొక్కుడుకు ఒకసారి మార్చమంటారు. మన ఎర్ర దుమ్ములో నేను నలభైకే మారుస్తున్నాను, అప్పటికే నూనె చాయ్ రంగులోకి వస్తోంది.

ఇంతకీ కొనవచ్చా అంటే, నా పరిస్థితి చూసి చెప్పగలను గాని అందరికీ చెప్పలేను. నేను ఒంటరిగా తొక్కుతాను, నా బరువు మూడేళ్లుగా రెండు కిలోలకు మించి మారలేదు, ఎక్కడం కోసం కాక దిగడం కోసమే వెళతాను, నెట్టుకుంటూ నడవడానికి బాధపడను. ఇలాంటివాడికి ఇది సరిపోయింది. ఇంట్లో ఇద్దరు పంచుకుని తొక్కేటట్లయితే, లేదా ఎదిగే వయసు పిల్లవాడికి కొంటున్నట్లయితే గాలి షాక్ ఉన్నదే చూడండి. గుట్టల్లో రోజంతా తిరగాలనుకునేవాళ్లకు 170 మిల్లీమీటర్ల ట్రావెల్ అవసరమని కూడా నేను అనుకోవడం లేదు. మన గుట్టలు పొడవైన దిగుళ్లు ఇచ్చేంత ఎత్తైనవి కావు, 150 ఉన్న తేలికైన సైకిల్ చాలామందికి సుఖంగా ఉండవచ్చు.

కాయిల్ ఉన్న సెకండ్ హ్యాండ్ సైకిల్‌నే చూస్తుంటే, ధర అడగడానికి ముందు స్ప్రింగ్ మీది దుమ్ము తుడిచి అంకె చదవండి, అమ్మేవారి బరువు అడగండి, మీ బరువుకు తగిన స్ప్రింగ్ ఎక్కడ దొరుకుతుందో, ఎన్నాళ్లకు వస్తుందో ముందే కనుక్కోండి. నా పాత 450 స్ప్రింగ్‌ను గ్రీజు రాసి, పాత లుంగీ ముక్కలో చుట్టి అటక మీద పెట్టాను. మేనల్లుడు ఈ దసరాకు వస్తానన్నాడు. ఎనభైకి చేరువలో ఉన్నాడు కాబట్టి, దాన్ని దించి వాడి కోసం బిగించి చూడాలనుకుంటున్నాను.