బైపాస్ తర్వాత కూరగాయల మొక్కలు: మిద్దె మేలా, పెరడు మేలా?

పోయిన డిసెంబరులో నాకు బైపాస్ ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ రోజున రాసిచ్చిన జాగ్రత్తల కాగితంలో నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే: మూడు నెలల దాకా ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు. నీళ్ళ బకెట్టు ఎంత బరువుంటుందో అప్పటిదాకా నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు. పది లీటర్ల బకెట్టంటే పది కిలోలు. చిన్నప్పట్నుంచి రెండు చేతులా రెండు బకెట్లు మోసి మొక్కలకు పోసినవాణ్ణి, ఇక అరబకెట్టుకు దిగాను.

తోటపని మానెయ్యమని మాత్రం డాక్టరుగారు అనలేదు. నడవమన్నారు, ఒళ్ళు మెల్లగా వంచమన్నారు, ఎండలో ఉండొద్దన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకో, తేలిక పని, కాలక్షేపం." నేను మొదట అదే నమ్మాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా హైదరాబాదులో మావాడి మూడో అంతస్తు మిద్దె మీద, జూన్ నుంచి తెనాలిలో మా పెరట్లో, రెండూ చేసి చూశాక నా అభిప్రాయం మారింది.

ముందు ఒళ్ళు సంగతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. గుండె దాకా పోవడానికి రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడడానికి మూడు నెలలు. పార పట్టినా, గునపం వేసినా, ముడిపడ్డ నీళ్ళ పైపును విసురుగా లాగినా ఆ బలమంతా ఎముక అతుకు మీదే పడుతుంది. దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గమన్నారు. మొదటి నెల మిద్దె మీదికి కూడా ఆ దిండు చంకలో పెట్టుకునే వెళ్ళేవాణ్ణి. ఎదురింటి పిల్లలకు నేను మంచి వినోదం. ఇక గుండెకు అతకడానికి కాల్లోంచి రక్తనాళం తీశారు కాబట్టి సాయంత్రానికి చీలమండ వాచేది, గొంతుక్కూర్చుని కలుపు తీసే మాటే లేదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకున్నవాళ్ళకు వంగి గబుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్మొచ్చు. అందుకే నేను ప్రతి తోటనూ చూసే చూపు ఇది: ఎంత మొయ్యాలి, ఎంత వంగాలి, ఒంట్లో బాగాలేక రెండు రోజులు పోకపోతే ఏమవుతుంది?

మిద్దె మొదటి రెంటిలోనూ పాసైపోయింది. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రో బ్యాగులు ఎనిమిది. ఒక్కోదాంట్లో ఇరవై లీటర్ల దాకా మట్టి పడుతుంది, తడిస్తే ఇరవై కిలోలు తూగుతుంది కాబట్టి నింపడం, జరపడం మావాడి పని. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి పోశాడు. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విత్తనాలు చల్లాను. నీళ్ళకు లీటరు సీసా తీసుకుని, మూతకు కాల్చిన సూదితో ఏడెనిమిది బొక్కలు పొడిచాను. బ్యాగుకు రెండు సీసాలు, మొత్తం పదహారు సీసాలు. కుళాయికీ బ్యాగులకూ మధ్య తిరుగుతుంటేనే డాక్టరుగారు చెప్పిన నడకలో సగం అయిపోయేది. మెంతికూర, తోటకూర నెల తిరక్కుండానే కోతకొచ్చాయి. కోలుకునేవాడికి ఆకుకూరను మించిన మందు లేదనిపించింది. బెండ మొదటి కాయకు నెలన్నర పైన పడుతుంది, నాటిన టమాటాకు రెండు నెలలు. మంచం మీద వారాలు లెక్కపెట్టుకునేవాడికి అది చాలా దూరం.

ఇంతవరకు మిద్దెదే గెలుపు. మార్చిలో నాకు జ్వరం తగిలింది. పెద్దదేం కాదు, మూడు రోజులు. కోడలు, కొడుకు పొద్దున్నే ఆఫీసులకు పోతే రాత్రికి గాని రారు. ఒక రాత్రి గుర్తుంచుకుని పోశారు, ఒక రాత్రి మర్చిపోయారు. వాళ్ళని అనడానికేం లేదు. నాలుగో రోజు పైకి ఎక్కితే తోటకూర తల వేలాడేసింది, టమాటా పూత రాలి బ్యాగు చుట్టూ పడి ఉంది. సిమెంటు మిద్దె పైనుంచీ కిందనుంచీ కాలుస్తుంది, ఇరవై లీటర్ల మట్టి ఒక్క పగటికే ఎండిపోతుంది. ఏప్రిల్లో రెండు పూటలా పోయాల్సి వచ్చింది. షేడ్‌నెట్ కడితే కొంత మేలే, కానీ కట్టేటప్పుడు చేతులు తలపైకెత్తాలి, అది మళ్ళీ ఇంకొకరి పని. మిద్దె మొక్క రోజుకు అడిగేది కొంచెమే, కానీ ఒక్కరోజు కూడా సెలవివ్వదు. జబ్బు మనిషికి ఎప్పుడు సెలవు కావాలో ముందు తెలియదు కదా.

"మావయ్యా, మీరు మొక్కల కోసం జ్వరంలో మెట్లెక్కుతున్నారు," అని కోడలు కేకలేసింది. నిజమే, ఎక్కాను.

ఇంగ్లండులో ఉన్న మా మేనకోడలికి ఈ గొడవ ఫోన్లో చెబితే నవ్వింది. అక్కడ కౌన్సిళ్ళు కూరగాయలకని అద్దెకిచ్చే మడి పూర్తిది అయితే సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో 300 గజాలు. తనకూ ఒక ఆపరేషన్ అయ్యాక సగం మడి వెనక్కిచ్చేసిందట, మిగిలినదాంట్లోనూ చాలా భాగం కలుపు రాకుండా నల్ల పట్టా కప్పేసిందట. "సగం మూసేసుకోవచ్చు మావయ్యా, ఎవరూ ఏమీ అనరు," అంది. ఆ మాట నాకు నచ్చింది. మన దగ్గర నగరాల బయట అద్దెకిచ్చే మడుల గురించి కూడా కనుక్కున్నాను. గంటసేపు కారులో కూర్చుని వెళ్ళి, పది నిమిషాలు మొక్కల్ని చూసి, మళ్ళీ గంట వెనక్కి. ఆరోగ్యం ఉన్నవాళ్ళకది బాగుంటుంది, నాకొద్దు.

జూన్‌లో తెనాలి వచ్చాం. మాది నల్లమట్టి. తడిస్తే పారకు బంకలా అంటుకుంటుంది, ఎండితే వేలు పట్టేంత బీటలిస్తుంది. ఆరు నెలలైనా సరే, ఈ మట్టిని నా చేత్తో తవ్వే ప్రశ్నే లేదు. వీధిలో తెలిసినతన్ని అరపూట కూలికి పిలిచాను. అతను నా ఛాతీ మీది గీత చూసి, "మీరు కుర్చీలో కూకోండి బాబాయ్, ఎక్కడ తవ్వాలో చెప్పండి చాలు," అన్నాడు. తవ్వకం అరపూటతో పోయింది. వంగడమే సమస్య. మడి నేలకు సమానంగా ఉంటుంది, మనం కుర్చీ ఎత్తులో ఉంటాం.

దానికి ఉపాయం చెప్పింది కూడా అతనే. బావులకు, సెప్టిక్ ట్యాంకులకు దించే సిమెంటు వరలు ఉంటాయి కదా, మూడడుగుల వెడల్పువి. ఒకదాని మీద ఒకటి రెండు వరలు పేర్చి, మట్టి, ఎరువు నింపితే మోకాలి ఎత్తు మడి తయారు. పక్కన కుర్చీ వేసుకుంటే నడుము వంగకుండా మధ్యదాకా చెయ్యి అందుతుంది. వరకు అడుగుభాగం లేదు కాబట్టి మొక్క వేళ్ళు కింది నేలలోకి దిగుతాయి, తేమ కింద నిలుస్తుంది. రెండు జతలు వేయించాను. ఒకదాంట్లో గోంగూర, ఒకదాంట్లో వంగ.

జూలైలో రివ్యూకని హైదరాబాదు పోయి ఐదు రోజులున్నాం. ఇల్లు తాళం. మధ్యలో ఒక్క వాన పడిందట. వచ్చేసరికి గోంగూర జానెడు పెరిగి ఉంది, వంగ ఆకులు కాస్త వాడినా మర్నాటికి లేచాయి. ఆ రోజు నేను మిద్దె పక్షం వదిలేశాను.

పెరట్లో ఇబ్బందులు లేకపోలేదు. వానాకాలం దోమలు, గడ్డి పెరిగితే పాముల భయం. షుగర్ కూడా ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా మట్టిలో అడుగు పెట్టకూడదు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటాం కాబట్టి చిన్న గాటైనా తొందరగా ఆగదు, వంగ తొడిమ ముళ్ళతో ఆ సంగతి నాకు తెలిసొచ్చింది. చేతులకు తొడుగులు లేకుండా ఇప్పుడు వంగ కోయను. బీర, కాకర పందిళ్ళ జోలికి మొదటి ఏడాది పోలేదు. ఆస్పత్రిలో నా పక్క మంచం ఆయనకు మెటల్ వాల్వు వేసి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర ఇస్తున్నారు. ఆకుకూరలు ఆ మందు పనిని తగ్గిస్తాయి. అలాంటివాళ్ళు తోటకూర బాగా కాసిందని ఒక వారం మూడు పూటలా తిని, ఇంకో వారం మానేస్తే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే ఐ.ఎన్.ఆర్. లెక్క తప్పుతుంది. రోజూ ఒకే పాటిగా తినాలి, ఎంతన్నది డాక్టర్ని అడగాలి.

పెరడు లేనివాళ్ళు మిద్దె మీదే చేయాలంటే, ఎనిమిది చిన్న బ్యాగులు వద్దు. రెండొందల లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా సగానికి కోయించి, అడుగున బొక్కలు పెట్టించి, గోడ వారగా, కుళాయి పక్కనే రెండు సగాలు పెట్టించుకోండి. వంద లీటర్ల మట్టి ఎండడానికి టైం పడుతుంది, మీరు ఒక రోజు పడుకున్నా నిలబడుతుంది. కొనేటప్పుడు డ్రమ్ములో అంతకుముందు ఏం పోశారో తప్పక అడగండి. రసాయనాలు పోసినదైతే వద్దు.

సంక్రాంతికి మూడో జత వరలు వేయించాలనుకుంటున్నాను, పాలకూరకి. దొర్లించుకు తెచ్చేది మాత్రం మా వీధి కూలీ అతనే. నేను కుర్చీ తెచ్చుకుంటాను.