మాజ్డా ఎంఎక్స్-5 రివ్యూ: మనవాళ్ల చేతికిస్తే ఎలా ఉంటుంది?

ఈ కారు మీద రివ్యూలు బోలెడున్నాయి. నడపడానికి భలే ఉంటుందని అన్నీ చెప్తాయి, అది నిజమే, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. స్పోర్ట్స్ కారు కొన్నవాడికి మొదటి వారం నుంచే వినిపించే మాట ఒకటుంది కదా, "ఒక్క రౌండ్ వేసొస్తా, తాళాలివ్వు" అని. స్నేహితులు అడుగుతారు, తమ్ముడు అడుగుతాడు, బావ అడగకుండానే చెయ్యి చాపుతాడు. అప్పుడు కారు ఎలా ఉంటుంది, మన బీపీ ఎలా ఉంటుంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. నాది ఎన్‌డీ, అంటే నాలుగో తరం బండి, 2.0 లీటర్ల ఇంజిను, ఆరు గేర్ల మాన్యువల్, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. అడిగినవాళ్లలో దాదాపు అందరికీ ఇచ్చాను. వేరేవాళ్ల చేతికి ఇవ్వాల్సి వస్తే ఇంతకంటే నమ్మకమైన స్పోర్ట్స్ కారు నాకు తెలీదు. అయితే కారణం మీరు అనుకునేది కాకపోవచ్చు.

దీనికి పవర్ తక్కువ కాబట్టి భయం లేదు అంటారు చాలామంది. తక్కువేం కాదు. 2019లో ఈ ఇంజినును బాగా మార్చి 155 నుంచి 181 హార్స్‌పవర్‌కి తెచ్చారు, రెడ్‌లైన్‌ని, అంటే ఇంజిను తిరగగల గరిష్ఠ వేగాన్ని, 6,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి 7,500కి పెంచారు. బరువేమో 1,060 కిలోల చుట్టుపక్కల. గేర్లు కూడా పొడుగ్గా ఉంటాయి, రెండో గేరులో రెడ్‌లైన్ దాకా లాగితే దాదాపు 100 కిలోమీటర్ల వేగం. కాబట్టి "చిన్న కారే కదా, ఏం చేస్తుందిలే" అని తాళాలు విసిరేయకండి.

అసలు సంగతి ఏంటంటే ఈ కారు ఏదీ దాచదు. మలుపులో కాస్త గట్టిగా తిప్పగానే బాడీ పక్కకి బాగా ఒరుగుతుంది. పత్రికలవాళ్లు దీన్ని లోపంగానే రాస్తారు, 2022 మోడల్ నుంచి మలుపులో లోపలి వైపున్న వెనక చక్రానికి చిన్నగా బ్రేకు వేసి ఆ ఒరుగుడు తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. నేనైతే ఒరగడమే మంచిది అంటాను. కొత్తగా నడిపేవాడు 50లో మలుపు తిరుగుతూ "అమ్మో చాలా స్పీడుగా పోతున్నాం" అనుకుని తనే కాలు తీస్తాడు, నిజానికి టైర్లకి ఇంకా బోలెడంత పట్టు మిగిలే ఉంటుంది. గట్టి సస్పెన్షను, వెడల్పు టైర్లు ఉన్న పెద్ద స్పోర్ట్స్ కార్లలో దీనికి ఉల్టా. అవి 120లో కూడా ఏమీ జరగనట్టే ఉంటాయి, జరిగినప్పుడు మాత్రం ఒక్కసారే జరుగుతుంది. నేలకి ఇంత దగ్గరగా, టాపు తీసి కూర్చుంటే ఊరికే 60లో పోతున్నా 100లో పోతున్నట్టు ఉంటుంది, సరదా కోసం స్పీడు పెంచాల్సిన పని ఉండదు. ఈ మూడు ముక్కల కోసమే నేను ఈ కారుకి మార్కులు వేస్తాను.

పోల్చి చూడండి. 2015లో వచ్చిన డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌కి రెండు తాళాలు ఇచ్చారు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఎర్ర తాళంతో 707 హార్స్‌పవర్ మొత్తం వస్తుంది, నల్లదానితో 500 వరకే. అదీ చాలక హోటళ్లలో పార్కింగు చేసేవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు పెట్టుకునే వాలే మోడ్ అని ఇంకోటి, అందులో ఇంజిను 4,000 ఆర్‌పీఎం దాటదు. నల్ల తాళంతో ఇచ్చినా 500 హార్స్‌పవర్ అంటే మామూలు విషయమా? షెవర్లే కార్వెట్‌వాళ్లది ఇంకో దారి. వాళ్ల వాలే మోడ్ కారు నడిచినంతసేపూ వీడియో తీసి, లోపలి మాటలు కూడా రికార్డు చేసేది. కారులో ఉన్నవాళ్లకి తెలియకుండా మాటలు రికార్డు చేయడం అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టాలకి విరుద్ధం కావచ్చని 2014లో డీలర్లకి కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. ఫోర్డ్ మైకీ పద్ధతి వీటన్నిటికంటే నయం, ఒక తాళానికి గరిష్ఠ వేగం, పాటల సౌండు కట్టడి చేసి పిల్లలకి ఇవ్వొచ్చు. ఎంఎక్స్-5లో ఇలాంటివేమీ లేవు. నాకు ఆ లోటు ఎప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే నా రూలు ఒక్కటే: మొదటిసారి నడిపేటప్పుడు పక్క సీటులో నేనుంటాను. ఇష్టం లేకపోతే బస్సెక్కొచ్చు.

ఇక ఎవరెవరు ఎలా నడిపారో చెప్తాను, అసలు రివ్యూ ఇదే.

నాన్న. కారులోకి దిగడమే పెద్ద పని అయింది, ఎక్కడం అనడానికి లేదు, దిగడమే. సీటు అంత కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇస్తే ముందు టాపు తీసేయండి, అప్పుడు తల వంచే పని ఉండదు. టాపు తీయడం ఈ కారులో గొప్ప సుఖం, ముందు అద్దం పైన మధ్యలో ఉన్న కొక్కెం వదిలి ఒక్క చేత్తో వెనక్కి తోస్తే అయిపోతుంది, సీటులోంచి లేవక్కర్లేదు. నాన్న 3,000 ఆర్‌పీఎం దాటలేదు. కానీ అవసరం ఉన్నా లేకపోయినా రెండు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి గేరు మారుస్తూనే ఉన్నారు. "ఏంటి నాన్నా అన్నిసార్లు మారుస్తున్నావ్?" అంటే "బాగుంది రా, టక్కున పడుతోంది" అన్నారు. ఈ గేరుబాక్సు మీద నేను ఎన్ని వాక్యాలు రాసినా ఆ మాటకి సరిపోదు. కర్ర కదిలేది చాలా కొంచెం, మణికట్టు తిప్పితే చాలు, పడిన గేరు పడినట్టు చేతికి తెలుస్తుంది.

బావ. ఆయనతోనే వచ్చింది టెన్షన్ అంతా. ఆయన గేరు కర్రని పిడికిలితో బిగించి పట్టుకుంటారు, స్టీరింగు వదిలేసి దాన్నే పట్టుకుని కూర్చుంటారు. మూడులో 3,500 దగ్గర పోతూ నాలుగు వేయబోయి రెండు వేశారు. ఇంజిను ఒక్కసారి 5,000 దాటి కేక పెట్టింది, మా ఇద్దరి తలలూ ముందుకొచ్చాయి. "ఏమైంది?" అన్నారు. ఏమీ కాలేదు, ఎందుకంటే 3,500 దగ్గరే అయింది. అదే 7,000 దగ్గర అయ్యుంటే ఏమయ్యేదో లెక్క చూడండి. మూడో గేరు నిష్పత్తి 2.035, రెండోది 2.991. మూడులో 7,000 తిరుగుతుండగా రెండు వేసి క్లచ్ వదిలితే ఇంజిను 10,000 పైకి పోతుంది. రెవ్ లిమిటర్ కాపాడుతుంది అనుకుంటారు చాలామంది, కాపాడదు. లిమిటర్ చేసేది ఇంధనం ఆపడం, ఇక్కడ ఇంజినుని తిప్పేది ఇంధనం కాదు, రోడ్డు మీద తిరుగుతున్న చక్రాలు. వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిను మొత్తం పోవచ్చు. దీన్నే మనీ షిఫ్ట్ అంటారు, ఎందుకంటారో బిల్లు చూస్తే తెలుస్తుంది. మీరు ఎవరికైనా మాన్యువల్ స్పోర్ట్స్ కారు ఇస్తుంటే స్పీడు గురించి లెక్చర్ తర్వాత, ముందు ఇది చెప్పండి: కర్రని బిగించి పక్కకి తోయొద్దు, న్యూట్రల్‌కి రాగానే లోపలి స్ప్రింగులే దాన్ని 3-4 వరుసలోకి తెస్తాయి, వేళ్లతో నేరుగా వెనక్కి లాగితే నాలుగే పడుతుంది. బావకి ఇది చెప్పాక మళ్లీ తప్పు పడలేదు. చెప్పించుకోవడానికి మాత్రం కాస్త మొహం మాడ్చుకున్నారు.

ఆయనే ఇంకాసేపటికి డీఎస్‌సీ బటన్ (కారు జారకుండా చూసే సిస్టమ్‌ని ఆపేసేది) వైపు చెయ్యి పెట్టారు, అదేంటో చూద్దామని. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను. వెనక చక్రాలతో నడిచే కారు కదా, ముందు చక్రాల కార్లకి అలవాటుపడ్డవాళ్లు మలుపులో భయపడి యాక్సిలరేటర్ ఠక్కున వదిలేస్తారు, బరువంతా ముందుకి పోయి వెనక భాగం తేలికవుతుంది, రోడ్డు తడిగా ఉంటే వెనక చక్రాలు పక్కకి జారతాయి. ఆ సిస్టమ్ ఆన్‌లో ఉంటే చక్రాలకి విడివిడిగా బ్రేకు వేసి సర్దుతుంది. వాన పడుతుంటే నేనసలు తాళాలే ఇవ్వను, ఎవరేమనుకున్నా సరే. ఇంకో మాట, పక్కన కూర్చున్న మీకు భయమేసి మధ్యలో ఉన్న హ్యాండ్‌బ్రేకు లాగాలనిపిస్తుంది. లాగకండి. అది వెనక చక్రాలనే పట్టేస్తుంది, కారు గిర్రున తిరుగుతుంది.

వదిన. అందరిలోకీ బాగా నడిపింది ఆవిడే, ఇందులో మొహమాటం ఏమీ లేదు. మలుపుకి ముందే బ్రేకు పూర్తి చేసి, గేరు దించి, మలుపు మధ్యలోంచి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటికొచ్చారు, ఎవరూ నేర్పలేదు. "ఇందులో కష్టమేముంది, ముందుకి చూస్తే చాలు కదా" అన్నారు. బావ ఆ మాట విననట్టు ఉండిపోయారు. అయితే ఆవిడ ఎత్తు తక్కువ, సీటు ఎత్తు పెంచే ఏర్పాటు అసలు లేదు, సీటు ముందు అంచు కొద్దిగా వంచుకోవచ్చు అంతే. ఎంఎక్స్-5 మీద నా పెద్ద కంప్లెయింట్ ఇదే. ఒకడి కొలతకి కుట్టిన చొక్కాలా ఉంటుంది, వేరేవాళ్లకి ఎక్కడో ఒకచోట బిగుతు. ఆరడుగులు దాటిన మా ఫ్రెండ్‌కి టాపు వేసుంటే తల తగిలింది, స్టీరింగుకి మోకాలు తగిలింది. 2019 నుంచి స్టీరింగు ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది, అంతకుముందు పైకీ కిందికీ మాత్రమే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే మాటైతే 2019 తర్వాతి బండే చూసుకోండి, ఎంత బేరం కుదిరినా పాతదానికి పోవద్దు.

తమ్ముడు స్టార్ట్ చేయగానే రెడ్‌లైన్ చూడాలన్నాడు. చల్లటి ఇంజినుని అలా లాగకూడదు, ఉష్ణోగ్రత మీటరు మధ్యకి వచ్చినా సరిపోదు, అది చెప్పేది కూలెంట్ సంగతి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది. అందుకే మొదటి పావుగంట నేనే నడిపి, వేడెక్కాక సీటు మారతాను. వాడికి ఆ పావుగంట పావు యుగంలా ఉంటుంది, ఉండనీ.

మిగతావి త్వరగా చెప్పేస్తా. క్లచ్ తేలిక, కొత్తవాళ్లు కూడా తొందరగా పట్టేస్తారు. రివర్సు వేయాలంటే కర్రని కిందికి నొక్కాలి, చెప్పకపోతే పార్కింగులో ఇబ్బంది. ముందు పక్క సీటు ఎదురుగా మామూలు కార్లలో ఉండే అర లేదు, రెండు సీట్ల మధ్య వెనక ఉన్న చిన్న అర ఒక్కటే, కాగితాలు, ఫోన్లు అందులోనే. గ్లాసు పెట్టుకునే చోటు మోచేతి వెనకాల ఉంటుంది, ఎందుకు అక్కడ పెట్టారో వాళ్లకే తెలియాలి. డిక్కీ 130 లీటర్లు, రెండు బ్యాగులు పడితే గొప్ప. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి మొత్తం నలుగురుంటే ఇద్దరు రోడ్డు మీద నిలబడి ఎదురుచూడాలి, ఎవరు ముందు అన్న తగువు తప్పదు. నాకు ఎక్కువ నష్టం జరిగింది వేగంతో కాదు, పార్కింగుతో. రిమ్ములు ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంటాయి. ఇప్పుడు పార్కింగు నేనే చేస్తాను, అడగొద్దు అని ముందే చెప్పేస్తాను.

ఇన్సూరెన్సు మాత్రం ఇచ్చే ముందే చూసుకోండి. కొన్ని పాలసీలు మీ అనుమతితో ఎవరు నడిపినా వర్తిస్తాయి, కొన్ని పేరు రాసిన డ్రైవర్లకే. కుర్రవాళ్లు నడుపుతుంటే మన జేబులోంచి కట్టాల్సిన వాటా పెరగొచ్చు. రేస్ ట్రాక్ మీద జరిగినవి మామూలు పాలసీల్లో సాధారణంగా రావు, "ట్రాక్ డేకి తీసుకెళ్తా, ఒక్క రోజు ఇవ్వు" అనే స్నేహితుడికి అదే మాట చెప్పండి, అడగడం మానేస్తాడు. లైసెన్సు లేనివాడికి ఇస్తే అది స్నేహం కాదు, మీ మీదకి కేసు తెచ్చుకోవడం.

ఎవరికి వద్దంటాను? మీ ఇంట్లో అందరూ ఆటోమేటిక్‌కే అలవాటుపడి ఉంటే ఇందులో ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడా దొరుకుతుంది, కానీ నాన్నకి నచ్చిన ఆ టక్కుమనే గేరు ఉండదు, అది లేకుండా ఈ కారు సగమే. గీత పడితే నిద్ర పట్టనివాళ్లు కూడా వద్దు, ఇచ్చాక గీత పడుతుంది, పడకపోతే అదృష్టం. ఆర్‌ఎఫ్ అని గట్టి టాపు మోడలు ఉంది, బటన్ నొక్కితే దాదాపు 13 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకి 10 కిలోమీటర్ల లోపు వేగంలోనే పనిచేస్తుంది, దాదాపు 50 కిలోలు బరువెక్కువ. చూడ్డానికి చాలా బాగుంటుంది. వచ్చినవాళ్లంతా కారు నడపడం మానేసి ఆ బటన్ నొక్కుతూ కూర్చుంటారు కాబట్టి, తాళాలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు అదే కొనుక్కోండి.